నురుగమ్మ చెప్పిన పాత కథ

చాక్లెట్‌ను జనం మొదట తాగారు. తినడం చాలా తర్వాతి సంగతి. ఈ మాట చెప్పేది మాస్టారు. పోసి చూపించేది నురుగమ్మ.

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. ఆ కార్ఖానాలో దానితో ఎవరికీ పని పడలేదు. పాత గిడ్డంగిని బాగుచేసి పెట్టిన చాక్లెట్ కార్ఖానా అది. వెనక గదుల్లో కోకో గింజలు వేయిస్తారు, పొట్టు చెరుగుతారు, రాళ్ళ మధ్య రుబ్బుతారు. ముందు గది మాత్రం చూడవచ్చే జనం కోసం. గోడల వెంట బల్లలు, మధ్యలో నేల మీద వెడల్పాటి మట్టి పాత్ర. వెనక రాళ్ళు తిరుగుతున్నంతసేపూ ఈ గది నేల సన్నగా అదురుతుంది. చూడవచ్చినవాళ్ళకు అది తెలియదు. నురుగమ్మ అరికాళ్ళకు తెలుసు.

ఆమె పని ఒకటే. రుబ్బిన కోకో ముద్దను వేడినీళ్ళలో కలిపి, కూజాలో నింపి, భుజం ఎత్తు నుంచి కింది పాత్రలోకి ధారగా పోయాలి. ధార తెగకూడదు. చుక్క బయట పడకూడదు. పాత్ర నిండాక మళ్ళీ కూజాలోకి ఒంపుకుని మళ్ళీ పోయాలి. పాలు లేవు, పంచదార లేదు. సముద్రాల అవతల, కోకో చెట్టు పుట్టిన దేశాల్లో, వెనకటి ఆడవాళ్ళు ఇలాగే పోసేవారట. తాగేవాళ్ళకు కింది పానీయం కంటే పైన నురుగే ముఖ్యం. నురుగు రాని దాన్ని నాసిరకం అనేవారట.

నురుగు ఊరికే లేవదు. లేచేదాకా జనాన్ని కూర్చోబెట్టడం మాస్టారి వంతు. ఆయన బడిలో చరిత్ర చెప్పి విరమించినవారు, నోట్లో నువ్వుగింజ నానదు. దేవతల తోటలోంచి కోకో చెట్టును దొంగిలించి మనుషులకిచ్చి, సాటి దేవతల కోపానికి గురైన దేవుడి కథ ఆయన దగ్గర ఉంది. కోకో గింజలే నాణేలుగా చెల్లిన రోజుల్లో, గింజలోని పప్పు తీసేసి మట్టి కూరి అంటగట్టిన మోసగాళ్ళ కథ ఉంది. ఉపవాసం నాడు చాక్లెట్ తాగితే ఉపవాసం చెడుతుందా చెడదా అని మతపెద్దలు ఏళ్ళ తరబడి వాదించుకున్న కథ ఉంది. అన్నిటికంటే నవ్వు తెప్పించేది సముద్రపు దొంగల కథ.

"ఓడను పట్టుకున్నారు. అడుగునంతా కోకో గింజలు. వీళ్ళు అంతకుముందు చూసినవాళ్ళు కాదు. మేక పెంటికలనుకున్నారు. ఓడతో సహా తగలబెట్టారు." అక్కడ ఆగి మాస్టారు కళ్ళద్దాలు పైకి తోసుకునేవారు. "ఓడెడు మేక పెంటికలు ఎవడైనా సముద్రం దాటిస్తాడా అని ఒక్కడికీ తోచలేదు చూడండి. తోచి ఉంటే దొంగలెందుకవుతారు, వ్యాపారులయ్యేవాళ్ళు."

జనం నవ్వేవారు. నురుగమ్మ నవ్వేది కాదు. నవ్వితే ధార వణుకుతుంది.

పని అయ్యాక ఆమె నడిచి ఇంటికి వెళ్ళేది. మేడ మీద ఒక గది, పక్కన వంటకు చిన్న చోటు. కుర్చీలు రెండు. ఒకదాని మీద ఆమె కూర్చుంటుంది, రెండోదాని మీద మడతపెట్టిన బట్టలు ఉంటాయి. పక్కవాటా వాళ్ళు నవ్వుకుంటే గోడలోంచి వినిపిస్తుంది. ఎందుకు నవ్వారో మాత్రం వినిపించదు. ఒకరికి వండుకోవడం చాలా కష్టం. ఎంత తక్కువ వేసినా మిగులుతుంది.

ఆమె భర్త అదే కార్ఖానాలో, వెనక గదిలో, రాళ్ళ దగ్గర పనిచేసేవాడు. పోయి కొన్నేళ్ళయింది. ఆయన పోయాకే యజమానురాలు ఈమెను పిలిచి ముందు గదిలో పని ఇచ్చింది. మాటలు తక్కువ మనిషి ఆయన. "రాళ్ళ దగ్గర పనిచేసి రాయి అయిపోయారు" అని ఆమె దెప్పేది. "రాయి అరుస్తుంది, నేను అరవను" అనేవాడు. ఆయన హాస్యం అంతవరకే.

వాళ్ళిద్దరి మధ్య ఒక అలవాటు ఉండేది. రాళ్ళు ముందు వేడెక్కాలి కాబట్టి ఆయన తెల్లవారకముందే లేచి వెళ్ళాలి. వెళ్ళేముందు కోకో కాచి, ఆమె కప్పు పొయ్యి పక్కన పెట్టి, పైన పళ్ళెం మూసి వెళ్ళేవాడు. మామూలు రోజుల్లో రెండు గ్లాసుల మధ్య అటూ ఇటూ తిరగబోసి, మీద నురుగు నిలబెట్టి పెట్టేవాడు. పోట్లాట నడుస్తున్న రోజుల్లో తిరగబోసేవాడు కాదు. కప్పు చదునుగా ఉండేది. పళ్ళెం తీసి నురుగు చూస్తే, పోట్లాట ముగిసిందని ఆమెకు అర్థం. అప్పుడు సాయంత్రం ఏమీ జరగనట్టే మాట్లాడుకునేవారు. దీని గురించి ఇద్దరూ ఎన్నడూ ఒక్క మాట అనుకోలేదు. ఎప్పుడు మొదలైందో కూడా ఆమెకు తెలియదు.

చివరి పోట్లాట కిటికీ గురించి. వాన పడి పరుపు తడిసింది. కిటికీ నువ్వు తెరిచి పెట్టావంటే నువ్వు తెరిచి పెట్టావని. ఎవరు తెరిచారో తేలలేదు. మూడో రోజుకు కూడా పరుపు ఆరలేదు, పోట్లాట కూడా ఆరలేదు. ఆ పొద్దున ఆమె లేచి పళ్ళెం తీసింది. నురుగు లేదు. పోనీలే, రేపటికి వస్తుంది అనుకుని మళ్ళీ మూసిపెట్టింది. మధ్యాహ్నం కార్ఖానా వాళ్ళు వచ్చి తలుపు తట్టారు. రాళ్ళ పక్కన అలసటగా కూర్చున్నాడట, మళ్ళీ లేవలేదు.

ఇది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఎవరూ లేరన్నది ఒక కారణం. చెప్పడానికి ఇందులో ఏముంది అన్నది రెండోది.

ఒక రోజు బడి పంతుళ్ళు, పంతులమ్మలు ఒక బస్సెడు మంది వచ్చి బల్లల మీద కూర్చున్నారు. మాస్టారికి జలుబు చేసి గొంతు పూర్తిగా పడిపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. గొంతు చూపించి, నురుగమ్మకు చేతులు జోడించారు. అంటే, నువ్వే కానీ అని.

ఆమె పోస్తూ చెప్పింది. విని విని నోటికి వచ్చిన కథలే. దేవుడి కథ చెప్పింది. మట్టి గింజల కథ చెప్పింది. మేక పెంటికల దగ్గర జనం మాస్టారికి నవ్వినంతా నవ్వారు. అన్నీ అయిపోయాయి. పాత్రలో నురుగు మాత్రం లేవలేదు. ఆ పూట ముద్దలో కొవ్వు ఎక్కువైనట్టుంది, మీద నూనె తెట్టు కట్టి బుడగల్ని నిలవనీయడం లేదు. జనం పాత్రకేసి చూస్తున్నారు, తర్వాత ఆమెకేసి చూశారు. మాస్టారు మూలన నిలబడి, ఇంకా ఇంకా అని చెయ్యి తిప్పుతున్నారు.

"పూర్వం కోకో తోటల మధ్య ఒక ఊళ్ళో ఒక మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు" అంది నురుగమ్మ. ఎందుకు అందో ఆమెకు తెలియదు. కూజా నిండుగా ఉంది, చెయ్యి ఎత్తి ఉంది, నోరు ఖాళీగా ఉంది. "మొగుడు గింజలు నూరేవాడు. మాటలు తక్కువ. పోట్లాడుకుంటే అవి కూడా ఉండేవి కావు."

కప్పు గురించి చెప్పింది. పళ్ళెం గురించి చెప్పింది. కిటికీ పూర్వకాలానికి నప్పదనిపించి, మేకను ఎవరు కట్టెయ్యలేదో అన్నదాని మీద పోట్లాట పెట్టింది. ముందు వరుసలో ఒక పంతులమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది. మొగుడు పోయిన కబురు తర్వాత, పెళ్ళాం ఆ పొద్దుటి కప్పు దగ్గరికి వెళ్ళింది. కథలో పెళ్ళాం పొద్దున అలిగి మూత కూడా తీయలేదు, ఇప్పుడు తీసింది. సరిగ్గా అప్పుడే కింద పాత్రలో నురుగు లేచింది. ఎర్రమట్టి రంగులో, మెత్తగా, పొంగుతూ లేచింది.

"మూత తీస్తే, అంచు దాకా నురుగు" అంది నురుగమ్మ.

 ఆ పంతులమ్మ కళ్ళు తుడుచుకుంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట మొదట తలుపు దాటింది. తలుపు వెనక నిలబడి యజమానురాలు విన్నది. కొన్నాళ్ళకు చాక్లెట్ల మీద చుట్టే కాగితం మారింది. లోపలి వైపు, చిన్న అక్షరాల్లో, 'పూర్వకాలపు ఒక ప్రేమకథ' అని వేసి, కింద మొగుడు, పెళ్ళాం, మేక, నురుగు.

నురుగమ్మ ఆ కాగితం పట్టుకుని యజమానురాలి గదికి వెళ్ళింది.

"అమ్మా, ఇది పాత కథ కాదండీ."

"మరి?"

"నేనే చెప్పాను."

"మీరే చెప్పారు, విన్నాను కదా. మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"ఎవరో చెప్పే ఉంటారు, మీరు మర్చిపోయి ఉంటారు. ఇలాంటివి ఊరికే పుట్టవు లెండి." యజమానురాలు మంచి మనిషే. కుర్చీ చూపించింది కూడా. "ఎంత బాగుందో తెలుసా? మా అమ్మ చదివి ఏడ్చింది. మా అమ్మ దేనికీ ఏడవదు."

అది మా ఆయన కప్పు అని నురుగమ్మ అనలేకపోయింది. అంటే, నురుగు సంగతి కూడా చెప్పాలి.

మాస్టారికి గొంతు వచ్చింది. ఆయన కథల్లో ఇది ఆఖరిదై, అన్నిటికంటే పెద్దదైంది. ఆయన చేతిలో పడ్డ కథ ఉన్నచోట ఉండదు. కప్పు బంగారపు రంగు మట్టితో చేసిందైంది. తోటలో వెన్నెల కాసింది. కొన్నాళ్ళకు ఒక చిలుక వచ్చి వాలి, మూత తియ్యి, మూత తియ్యి అని అరవడం మొదలుపెట్టింది.

"ఆ చిలుక ఎక్కడిదండీ మాస్టారూ?" అని అడిగింది నురుగమ్మ ఒక రోజు, పాత్రలు కడుగుతూ.

"తోట ఉన్నాక చిలుక ఉండదా?"

"నేను చెప్పినప్పుడు లేదండీ."

"నువ్వు చూసుకోలేదు, కొమ్మల్లో ఉండి ఉంటుంది." ఆయన నవ్వారు. "కథకు కాళ్ళు లేవు, ముంతకు చెవులు లేవు అంటారు కదమ్మా. కాళ్ళు లేవు కాబట్టే మనం రెక్కలు పెడుతున్నాం."

ఆమె పోస్తూనే ఉంది, వింటూనే ఉంది. రోజూ ఆయన మూత తీసే మాటకు, ఆమె పాత్రలో నురుగు లేవాలి. ఇద్దరికీ లెక్క కుదిరింది. జనం తప్పట్లు కొట్టేవారు.

మొదట్లో ఆమెకు రెండు కప్పులు కనిపించేవి, కథలో కప్పు, ఇంట్లో కప్పు. పోస్తున్నప్పుడు ఒకటి, పడుకున్నప్పుడు ఒకటి. రెండూ కలిసేవి కావు. తర్వాత తర్వాత ఇంట్లో కప్పు పలచబడింది. ఒక సాయంత్రం ఆమె బట్టలు మడతపెడుతూ, ఆ పొద్దుటిని తలుచుకుంది. తను లేచింది. పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పళ్ళెం తీసింది. అంచు దాకా నురుగు. బయట ఎక్కడో చిలుక కూడా అరిచింది.

చేతిలో బట్ట అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. లేదు, నురుగు లేదు, అని తనకు తాను చెప్పుకుంది. మాట నిజమని తెలుసు. ఆ చదును కప్పు మాత్రం కళ్ళ ముందుకు రావడం లేదు. ఎంత వెతికినా నురుగే కనిపిస్తోంది. ఆయన చేతితో పెట్టిన ఆఖరి వస్తువు ఆ నురుగులేని కప్పు. మంచిదో చెడ్డదో, దాన్ని చూసింది లోకంలో తనొక్కతే. తనకే కనిపించకపోతే అది ఇక ఎక్కడా లేనట్టే.

వదిన వచ్చింది ఆ తర్వాతే. ఆయనకు అక్క. వేరే ఊళ్ళో ఉంటుంది, పిల్లలు లేరు, భర్త పోయి చాలా కాలమైంది. తమ్ముడు పోయినప్పుడు వచ్చింది. కింది వాటా ఆవిడ ఎవరో, పాపం వాళ్ళిద్దరికీ మాటల్లేవండీ ఆ మూడు రోజులూ అని చెవిలో వేసింది. వదిన ఆ సాయంత్రమే, మరదలి ముఖం చూడకుండా బస్సెక్కింది. అప్పటి నుంచి కబురు లేదు, కాకరకాయ లేదు.

ఇప్పుడు మేడమెట్లు ఒక్కొక్కటే ఎక్కి, మోకాలు పట్టుకుని, గుమ్మంలో నిలబడింది.

"చాక్లెట్ కార్ఖానాలో ఉండి చీపురుపుల్లలా అయ్యావేమిటే" అంది.

నురుగమ్మ రెండో కుర్చీ మీది బట్టలు తీసి మంచం మీద వేసింది. వదిన కూర్చుంది. చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి, మోకాలి మీద పెట్టి, మడతలు సాపు చేసింది. చాక్లెట్ కాగితం.

"ఎవరో పిల్లలు తిని పడేస్తే తీశాను. చదివాను." గొంతు సవరించుకుంది. "మేక మీకు ఎప్పుడూ లేదనుకో. కానీ ఇది మా తమ్ముడే కదే?"

నురుగమ్మ తలూపింది.

"నాకు తెలియదనుకున్నావా. చిన్నప్పుడు నాతోనూ ఇంతే. పాలు కాచి గ్లాసుల్లో పోసే పని వాడిది. నా మీద అలిగితే మీగడ తీసేసి ఇచ్చేవాడు. కోపం పోతే మీగడతో ఇచ్చేవాడు. నోరు విప్పి చెప్పడానికి వాడి సొమ్మేం పోయిందో."

ఇది నురుగమ్మకు కొత్త. ఇన్నేళ్ళూ ఆ అలవాటు తామిద్దరిదే అనుకుంది. అది తనకంటే ముందే, ఒక చిన్న పిల్లవాడి చేతిలో పుట్టి, తన దాకా నడిచి వచ్చిందన్నమాట. ఆమెకు బాధ కలగలేదు. ఆ పిల్లవాణ్ణి చూడాలనిపించింది.

"నీ మీద కోపం పెట్టుకున్నాను" అంది వదిన. "తమ్ముడు మనసు కష్టపెట్టుకుని పోయాడని. అన్నం తినేటప్పుడు అదే గుర్తొచ్చేది. ఇది చదివాక ముద్ద దిగింది. నురుగు పెట్టి పోయాడు. ఇంకేం కావాలి."

నురుగమ్మ మంచినీళ్ళ గ్లాసు అందించింది.

"నా ఇంట్లో ఒక గది ఊరికే పడి ఉంది. దాన్ని తాళం వేసి దుమ్ముకు అద్దెకిచ్చాను. వచ్చెయ్యి. ఇక్కడ ఒక్కదానివీ, అక్కడ ఒక్కదాన్నీ ఎందుకు? పోట్లాడుకుందాం. కనీసం మాటలుంటాయి. నీకు వంట సరిగ్గా రాదు, నాకు మోకాళ్ళు లేవు. సరిపోతుంది."

నురుగమ్మకు నవ్వొచ్చింది. ఈ గదిలో రెండు గొంతులు వినిపించి ఎంత కాలమైందో. రెండో కుర్చీలో మనిషి ఉంటే గది చిన్నదిగా, వెచ్చగా ఉంది. సరే వదినా అనడానికి నోరు తెరిచింది కూడా.

"అది కాదే, ముందు నువ్వు చెప్పు" అంది వదిన, కుర్చీ దగ్గరికి లాక్కుని. "నీ నోటితో వినాలి. కాగితం మీద కాదు. ఆ పొద్దుటి కప్పు మూత తీశావు కదా. ఎంత నురుగు ఉంది? నిజంగానే అంచు దాకానా? బుడగలు పెద్దవా, సన్నవా? వాడు తిరగబోస్తే సన్నగా వచ్చేది."

చెప్పబోయి నురుగమ్మ మనసులోని ఆ కప్పుకేసి చూసింది. సన్నటి బుడగలు కనిపించాయి. అంచు దగ్గర ఒకటి పగలడం కూడా కనిపించింది. సన్నవే వదినా అనాలి, అంతే. అంటే ఇక అదే ఉంటుంది. ఆ ఇంట్లో, ఆ గదిలో, రోజూ ఇద్దరూ కూర్చుని అదే తలుచుకుంటారు. అసలు కప్పు ఇక ఎవరికీ దొరకదు.

"నురుగు లేదు వదినా" అంది.

"ఏమన్నావ్?"

"ఆ పొద్దున నురుగు లేదు. ఉత్తదే పెట్టి వెళ్ళారు."

వదిన కాగితం కేసి చూసింది. ఆమెకేసి చూసింది. "మరి ఇదేమిటి?"

"జనం కూర్చుని ఉన్నారు. కథ చెప్పాల్సి వచ్చింది. అక్కడికి వచ్చేసరికి, అలా అన్నాను."

"ఎందుకన్నావు?"

"లేదని అనలేకపోయాను."

కింద వీధిలో ఎవరో తలుపు వేసుకున్నారు. వదిన గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగింది.

"ఇది నాకెందుకు చెప్పావే?"

"మీరు అడిగారు కదా వదినా."

"నేను అడిగింది ఇది కాదు" అంది వదిన.

కోపంగా అనలేదు. బతిమాలుతున్నట్టు అంది. తర్వాత కాగితాన్ని పాత మడతల వెంటే మడిచింది. పారెయ్యలేదు. సంచి లోపలి అరలో పెట్టి, సంచి మూతి బిగించింది.

"బస్సు వేళయింది."

మెట్లు దిగేటప్పుడు వదిన నురుగమ్మ భుజం పట్టుకుంది. ఆ చేతిలో బరువుంది. ఆఖరి మెట్టు దిగాక చెయ్యి తీసేసింది. బస్సు వచ్చేదాకా ఇద్దరూ నిలబడ్డారు. మోకాలికి ఏ నూనె రాస్తున్నారని నురుగమ్మ అడిగింది, వదిన చెప్పింది. గది మాట వదిన మళ్ళీ ఎత్తలేదు. నురుగమ్మ కూడా గుర్తుచెయ్యలేదు. బస్సెక్కి వదిన అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది. ఇటువైపు నుంచి ఆమె జడముడి మాత్రమే కనిపించింది. బస్సు మలుపు తిరిగేదాకా నురుగమ్మ చూసింది.

మేడ ఎక్కి వచ్చి తలుపు వేసుకుంది. వదిన కూర్చున్న కుర్చీ, లాక్కున్నచోటే, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వంకరగా ఉంది. దాన్ని సరిచెయ్యలేదు. పొయ్యి పక్కకు వెళ్ళి నిలబడింది.

వెతకలేదు. ఆ పొద్దుటి కప్పు దానంతటదే కళ్ళ ముందుకు వచ్చింది. పళ్ళెం అడుగున ఆవిరి చెమట. పళ్ళెం ఎత్తితే ఒక చుక్క జారి కప్పులో పడింది. నల్లగా, చదునుగా, అంచుకు వేలెడు కింద కోకో. ఒక్క బుడగ లేదు. ఆ నలుపులో కిటికీ చతురస్రం కనిపిస్తోంది, కిటికీకి ఆనించి ఆరబెట్టిన పరుపు కనిపిస్తోంది. బయట ఏ పిట్టా అరవడం లేదు. కప్పు మీదికి వంగి చూస్తున్న తన ముఖం, అప్పటి ముఖం, కూడా అందులో ఉంది. చుక్క పడిన చోట కొంచెం చెదిరి, మళ్ళీ సర్దుకుని, నిలకడగా ఆమెకేసే చూస్తోంది.